నాలుగో స్టేజి ఎక్కడ బాబూ?

మా అమ్మాయి సరిత సైకిల్ రేసుల్లో తొక్కుతుందని ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. ఈసారి నాలుగు రోజుల రేసు. వికారాబాద్ గుట్టల దగ్గర మొదలై, ఊళ్లు తిరిగి, ఆదివారం నాంపల్లిలో ముగుస్తుంది. మూడో రోజు మలుపులో పడి మోచెయ్యి చెక్కుకుపోయింది. "రేపు మధ్యలో ఆపేస్తే ఈ మూడు రోజులూ లెక్కలోకి రావు నాన్నా. నాలుగో స్టేజి నాంపల్లి వైపు, వస్తావా?" అని శనివారం ఫోన్లో అడిగింది. రాకుండా ఉంటానా!

పొద్దున ఏడున్నరకు కాచిగూడలో ఆటో ఎక్కాను. నాంపల్లి వైపంటే నూట ఇరవై అన్నాడు, సరేనన్నాను. ఇక్కడ స్టేజి అంటే బస్సు ఆగే చోటు. నాకు ఇంకో అర్థమే తట్టలేదు. "నాంపల్లి వైపు నాలుగో స్టేజి దగ్గర ఆపు బాబూ" అన్నాను.

"నాలుగోదా? యాడికెల్లి లెక్కవెట్టాలె తాతా?"

"కాచిగూడ నుంచే అయ్యుంటుంది."

"గట్లయితే సుల్తాన్‌బజార్ల దిగుతవ్. కోఠికెల్లి లెక్కవెడితే అబిడ్స్. జర ఖుల్లా చెప్పు, ఏంది?"

"ఆ రెండోదే కానియ్యి."

అబిడ్స్‌లో దింపేసి పోయాడు. బస్టాపులో నర్సు బట్టల్లో ఒకామె నిలబడి ఉంది. "సైకిళ్లు ఇక్కడికే కదమ్మా వచ్చేది?" అని అడిగాను.

"బస్సులే వస్తలేవు, సైకిళ్లొస్తయా? పొద్దుగాల్నుంచి రోడ్డు బందు వెట్టిన్రు. దవాఖానకు ఎట్ల వోవాలె నేను?"

ఆమె తిడుతుంటే నేనూ అందుకుని ఆ రేసు పెట్టినవాళ్లను బాగా తిట్టాను. మా అమ్మాయి అందులోనే ఉందని మాత్రం చెప్పలేదు. చివరికి నాలుగో స్టేజి ఎక్కడని అడిగితే ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ పడీపడీ నవ్వాడు. "పెద్దమనిషీ, స్టేజి అంటే గీ బస్ స్టేజి గాదు. దినానికొక స్టేజి, ఇయ్యాల నాలుగోది. ఖతమయ్యేది నాంపల్లి స్టేషన్ కాడ. జల్ది నడువు!"

ఆటోలు లేవు, నడకే గతి. మామూలుగా ఇరవై నిమిషాల దారి. ప్రతి సందు మొగలోనూ ఒక బారికేడ్, ప్రతి బారికేడ్ దగ్గరా ఒక సలహా. ఒకడు ఎడమకు పొమ్మంటాడు, ఇంకొకడు వచ్చిన దారినే పొమ్మంటాడు. మోకాళ్లు పట్టేసి, చెమటతో తడిసి, ఎలాగో స్టేషన్ దగ్గరికి చేరేసరికి గెలిచినవాళ్లకు దండలు కూడా వేసేశారు. పైగా ముగింపు గీత దగ్గర అందరూ రోడ్డుకు అవతలి వైపు నిలబడితే, నేనూ ఇంకొకాయనా మాత్రం ఇవతల!

ఒక్కొక్కరే వస్తున్నారు, సరిత లేదు. ఆగిపోయినవాళ్లను ఎక్కించుకునే వ్యాను వెనకాలే వస్తుందని పక్కనున్నాయన చెప్పాడు. చెప్పిన కాసేపటికే ఆ వ్యాను మలుపు తిరిగింది. అందులో ఉందేమోనని అద్దాల్లోకి కళ్లు చికిలించి చూస్తున్నాను. అప్పుడు కనబడింది, వ్యానుకు ముందు, చేతికి కట్టుతో, వంగిపోయి తొక్కుతూ!

"గీ పిల్లనేనా ఆఖరిది?" అన్నాడు పక్కాయన.

"ఆఖరిదే! మా అమ్మాయే!" అని గొంతు చించుకుని అరిచాను.

గీత దాటి బారికేడ్ దగ్గరికి వచ్చింది. "ఇటువైపు నిలబడ్డావేంటి నాన్నా?" అంది. కట్టు లేని చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

గెలిచిన పిల్ల ఎవరో నాకిప్పటికీ తెలియదు. రేసు చూడటమంటే ముందు ఎవరొస్తారో చూడటమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ రోజు మాత్రం ఇంకా ఎవరు రాలేదో చూస్తూ నిలబడ్డాను. పొద్దున్నుంచీ పడ్డ అవస్థకు ఎవరి మీదా కోపం మిగల్లేదు, ఆ ఆటో అబ్బాయి మీద కూడా.

మీరూ ఇలాంటి రేసు చూడ్డానికి వస్తే ఆటో జోలికి పోకండి. మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగండి. కింద రోడ్డు మూసేసినా మెట్రో స్టేషన్ మెట్లెక్కి అవతలి వైపు దిగిపోవచ్చు. ఆ సంగతి నాకు ఇంటికి వెళ్లేటప్పుడు తెలిసింది.