రెండో ఓడ

మొన్న ఆదివారం ఫ్లాట్ బుష్‌లో ఒకరింట ప్రార్థన కూడికకు వెళ్లాం. ఈ మధ్యే మన దేశం నుంచి ఇక్కడికి వచ్చిన ఒక నర్సమ్మాయి లేచి, యుద్ధకాలంలో యూరప్ నుంచి ఓడలో పారిపోయి వస్తున్న ఒక యూదుపిల్ల యేసుప్రభువును పిలవగానే మూడు జలాంతర్గాములు వెనక్కి మళ్లాయని సాక్ష్యం చెప్పింది. అందరూ హల్లెలూయా అన్నారు. ఆ కథ పుట్టించింది నేనే. నేను చెప్పినప్పుడు జలాంతర్గామి ఒక్కటే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఇక్కడికి వచ్చిన నా తోటివాళ్లకు గుర్తుండే ఉంటుంది, మనలో చాలామందికి మొదట దొరికిన పని వృద్ధాశ్రమాల్లోనే. పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్లో ఎదురుగాలికి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి, పొద్దున్నే నేను ముందు తలుపు తట్టేది ఒక యూదు పెద్దావిడ గదే. ఆవిడ బూట్లు దిండు పక్కనే పెట్టుకుని పడుకునేవారు. దుప్పట్లు మాసిపోతున్నాయని నాతో పనిచేసేవాళ్లు విసుక్కునేవారు. ఒకరోజు మేజోళ్లు తొడుగుతూ ఎందుకని అడిగితే, ఓడలో అయిన అలవాటన్నారు.

అందరికీ ఒకే ఓడలో చోటు దొరక్క తల్లీ తనూ ముందు ఓడలో, తండ్రీ చెల్లెలూ వెనక ఓడలో బయలుదేరారట. కిటికీలకు నల్లగుడ్డలు, డెక్ మీద అగ్గిపుల్ల గీయడానికి వీల్లేదు, ఒంటికి లైఫ్ జాకెట్, కాళ్లకు బూట్లు, అలాగే నిద్ర. వాళ్ల ఓడ ఒడ్డు చేరింది. రెండోది సముద్రంలో పెట్టిన మందుపాతర తగిలి మునిగిపోయింది.

ఆ వారం కూడికలో అందరికీ చెప్పుకోవడానికి ఏదో ఒక మేలు ఉంది, ఒకరికి వీసా, ఒకరికి బిడ్డ. నా వంతు వచ్చేసరికి నా దగ్గర ఏమీ లేదు. ఆవిడ ఓడనే ఎత్తుకున్నాను. జలాంతర్గామినీ, ప్రభువు నామాన్నీ చేర్చాను. రెండో ఓడను తీసేశాను, అది ఉంటే ఎవరూ హల్లెలూయా అనరు మరి.

మా సంఘంలో అందరికీ ఆంటీ అయిన ఒకావిడ అదే ఆశ్రమంలో నర్సు. సంతోషపెడదామని ఆమె ఈ సాక్ష్యాన్ని పెద్దావిడకే చెప్పేసింది. మర్నాడు నేను వెళ్లేసరికి ఆవిడ మేజోళ్లు చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

“అయితే మా చెల్లి సరిగ్గా ప్రార్థన చేయలేదంటావా?” అన్నారు.

ఆ తర్వాత కూడా రోజూ కాళ్లు నా ముందు చాచేవారు, మాట మాత్రం లేదు. క్షమించమని అడుగుదామనుకుంటూనే చలికాలం వచ్చింది, ఆవిడ కన్నుమూశారు.

మొన్న నేను లేచి ఇదంతా చెప్పాను. కారెక్కాక మా ఆవిడ, “ఇన్నాళ్లూ నాకైనా చెప్పలేదేం?” అంది.

అప్పట్లో ఒక ఊళ్లో అన్న మాట ఆ ఊళ్లోనే ఆగిపోయేది. ఇప్పుడు ఫోన్లలో దేశాలు దాటుతోంది. సరిదిద్దడానికి ఆ ఓడలెక్కినవాళ్లు ఇంచుమించు ఎవరూ మిగల్లేదు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. జలాంతర్గామి లేదు. ఓడలు రెండు.