లేబుళ్లు అంటించే అక్క

ఆ రోజు విచారణలో నేను దాచిన మాట ఇది: యాసిడ్ డబ్బాల మీది లేబుళ్లు చింపించింది నేనే.

తిరువొత్తియూరు గోడౌనులో నేను సూపర్‌వైజర్ని. లేబుళ్లు అంటించే అక్క ఒకామె ఉండేది. ప్రతి లేబులునూ అరచేత్తో రెండుసార్లు అదిమి, చెయ్యి కాలుతున్న బొమ్మ బయటికి కనబడేలా డబ్బాను తిప్పిపెట్టేది. "చదువు రానోడికి బొమ్మన్నా కనపడాల సార్" అనేది.

ఆ బొమ్మ చూస్తే మామూలు లారీవాళ్లు సరుకు ఎక్కించుకోరు. యాసిడ్ మోసే లారీలకు కిరాయి ఎక్కువ. అందుకే ఆమెను చింపమన్నాను.

"మీ ఇంట్లో అయితే ఇట్నే పెడతారా సార్?"

"నోరు మూసుకో" అని, వేరేవాళ్లతో చింపించాను.

సరుకు దించేచోట ఒక కూలీ నీళ్లనుకొని మూత తీశాడు. రెండు చేతులూ కాలిపోయాయి. విచారణకు వచ్చినవాళ్లతో, లేబుళ్లు అంటించడం ఆమే మరిచిందని అబద్ధం చెప్పి యజమాని ఆమెను వెళ్లగొట్టాడు. వాడు దొంగ. పక్కన నిలబడి తల ఊపిన నేను అంతకన్నా దొంగను.

మొన్న పెరంబూరులో ఆమె ఇల్లు వెతికి పట్టుకొని, క్షమించమన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం సార్? చేతులు కాలిన ఆ మనిషి ఇంకా నన్నే తిడతా ఉండాడు. ఆడికి పోదాం పదండి" అంటూ చెప్పులు వేసుకుంది.

ముడుచుకుపోయిన ఆ వేళ్ల ముందు కూర్చొని అన్నాను: "ఈ అక్క తప్పేం లేదయ్యా. నీ చేతులు కాల్చింది నేను. క్షమించు."