అనుమానాలక్క తమ్ముడి కడుపునొప్పి

మా స్కాన్ గదిలో మిషన్ నడిపే ఆవిడను అందరూ అనుమానాలక్క అంటారు. మొహం మీదే అంటారు, ఆవిడ పట్టించుకోదు. ఏమీ తినలేదని పేషెంటు ఒట్టు పెట్టినా మూతి వంక చూస్తుంది. గొలుసు లేదంటే కాలరు పక్కకు లాగి చూస్తుంది. ఒకే ప్రశ్న మూడుసార్లు వేసి, మూడుసార్లూ ఒకే జవాబు వస్తే కంఠతా పట్టి వచ్చారంటుంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఈవిడ కీడెంచడం దగ్గరే ఆగిపోయింది. అక్కడ సూది గుచ్చే నర్సును నేను. పదకొండేళ్లుగా పక్కనే ఉన్నా, నేను గుచ్చిన సూదిని మళ్లీ తను చూసుకుంటుంది. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆ సోమవారం ఉదయం చక్రాల కుర్చీలో ఆవిడ తమ్ముడే వచ్చాడు. తల్లి పోయాక తనే పెంచిన తమ్ముడు. బడి రోజుల్లో పరీక్షంటే వాడికి కడుపునొప్పి, పెద్దయ్యాక సోమవారమంటే కడుపునొప్పి.

"ఇవాళ కొత్త ఉద్యోగంలో చేరాలిగా, అందుకే వచ్చిందిలే నొప్పి," అంది నాతో.

వివరాల కాగితం వాడి చేతికివ్వకుండా తనే నింపింది. నొప్పి ఎప్పటి నుంచి అన్నచోట "ఈ ఉదయం నుంచి" అని రాసేసింది. ఒక్కసారి కూడా వాణ్ణి అడగలేదు.

సర్జన్ గారు వాడి పొట్ట నొక్కి, కాగితం చదివారు. "పొద్దుటి నుంచే కదా, కంగారు లేదు. అపెండిక్స్ కాస్త వాచి ఉంటుంది. స్కాన్‌లో అంతే తేలితే రెండు రోజులు మందులిచ్చి చూద్దాం," అన్నారు.

నేను సూది గుచ్చుతుంటే వాడు తేలిగ్గా నవ్వాడు. "నొప్పి పోయిందక్కా. ఇందాకటి నుంచి అసలు లేదు. ఇంటికెళ్లిపోదాం."

"చూశావా? ఆఫీసు టైము దాటింది, నొప్పీ దాటింది," అంది ఆవిడ. నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మామూలు బొమ్మలో అపెండిక్స్ కొంచెం లావుగా ఉంది, అంతే. మా మిషన్ రెండు రకాల శక్తులున్న ఎక్స్‌రేలతో ఒకే విడతలో బొమ్మ తీస్తుంది. రెండింటినీ పోల్చి, నరంలోకి ఎక్కించిన అయోడిన్ మందు ఎక్కడిదాకా చేరిందో విడిగా రంగులో చూపిస్తుంది. నెత్తురు పారే చోటికే ఆ మందు చేరుతుంది. పేగుల గోడలన్నీ నారింజ రంగులో వెలిగాయి. అపెండిక్స్ మొదలు కూడా వెలిగింది. కొస మాత్రం నల్లగా ఉండిపోయింది.

"మందు సరిగ్గా ఎక్కిందా?" అడిగింది నన్ను.

"ఎక్కింది."

"సూది గుచ్చిన చోట చెయ్యి వాచిందేమో చూడు."

చూశాను, వాపు లేదు. వాడు కదిలాడేమోనని బొమ్మలన్నీ వెనక్కి తిప్పింది. మిషన్ని అనుమానించింది, మళ్లీ నన్ను అనుమానించింది. ఈసారి నాకు కోపం రాలేదు. ఆ నలుపు అక్కడే ఉంది. నెత్తురందక చచ్చిన గోడకు నొప్పి తెలియదు. వాడి నవ్వు వెనక ఉన్నది అదే.

ఆవిడ లోపలికి పరుగెత్తింది. "ఎప్పటి నుంచిరా నొప్పి?"

"శనివారం నుంచి. చెప్పాను కదక్కా. నిన్న కూడా చెప్పాను. నాటకాలాడకన్నావు."

 ఆవిడ వెంటనే ఫోనెత్తింది. "డాక్టరు గారూ, ఆ కాగితంలో ఉన్నది తప్పు. నేనే రాశాను, వాణ్ణి అడగకుండా రాశాను. శనివారం నుంచి ఉంది, ఇది మూడో రోజు. అపెండిక్స్ కొసకు నెత్తురు అందట్లేదు, రండి."

గంటలో ఆపరేషను మొదలైంది. కొస కుళ్లింది కానీ పగల్లేదని, రేపటిదాకా ఆగి ఉంటే పొట్టంతా చీము పట్టేదని సర్జన్ గారు చెప్పారు.

మర్నాడు ఆవిడతో పాటు నేనూ వార్డుకు వెళ్లాను. వాడు పక్కకు తిరగబోయి పళ్లు బిగించాడు.

"నొప్పిగా ఉందారా?" అంది.

వాడు ముందు అక్క ముఖం చూశాడు. "లేదక్కా, ఏం లేదు," అన్నాడు.

ఆవిడ నన్ను వరండాలోకి లాక్కొచ్చి నా భుజం మీద పడి ఏడ్చింది. "వాడు నాకు చెప్పడం మానేశాడే," అంది.