మాస్టారి పాటలో ఖాళీలు

2024 వేసవి. బందరులోని నా రికార్డింగ్ స్టూడియోకి హంసలదీవి దగ్గరి పల్లె నుంచి రత్నమ్మగారు వచ్చారు. చేతిలో ఓ పాత క్యాసెట్, ఓ నోటుపుస్తకం. ఆవిడ భర్త దానియేలు మాస్టారు నలభై ఏళ్లు ఆ ఊరి చర్చిలో పాటలు పాడించారు. కొత్త చర్చి ప్రారంభానికని ఒక పాట కట్టి ఆ పుస్తకంలో రాసుకుని, అది పాడకుండానే పోయారు. క్యాసెట్లో ఉన్నవి ఆయన పాడిన పాత పాటలు.

"ఆ పాట ఆయన గొంతుతోనే మొదలవ్వాలండీ. ఇప్పుడు కంప్యూటర్ పాడిస్తుందంటగా?" అన్నారు.

పాడిస్తుంది. దాన్ని మేము వాయిస్ క్లోనింగ్ అంటాం. పాత రికార్డింగు నుంచి కంప్యూటర్ ఒక గొంతును నేర్చుకుని, వేరొకరు పాడిన పాటను ఆ గొంతులోకి మారుస్తుంది. వరస తెలిసింది రత్నమ్మగారికి ఒక్కరికే కాబట్టి ఆవిడ చేతే పాడించాను. లైను లైనుకీ ఆగుతుంటే పుస్తకంలో తర్వాతి మాట వెతుక్కుంటున్నారనుకున్నాను. ఆ ఖాళీలన్నీ కత్తిరించి పారేశాను.

వారం తర్వాత వినిపించాను. వయసు తెచ్చిన జీరతో సహా మాస్టారి గొంతు అచ్చుగుద్దినట్టు వచ్చింది. నా పనితనానికి నేనే మురిసిపోతున్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా విన్నారు.

"గొంతు ఆయనదే బాబూ. మనిషి ఆయన కాదు."

"ఏం తేడా వచ్చిందమ్మా?"

"మాలో చదువొచ్చినవాళ్లు తక్కువండీ. ఆయన ఒక లైను అంటే మేమంతా తిరిగి అనేవాళ్లం. వెనకాల ముసలాళ్లు ముగించేదాకా ఆగేవారు. ఈయన ఎవరికోసమూ ఆగట్లేదు."

సిగ్గేసింది. ఖాళీలు తిరిగి పెట్టాను, అన్నీ కొలిచినట్టు ఒకే నిడివిలో. ప్రారంభం రోజున లాప్‌టాప్ పట్టుకుని నేనే వెళ్లాను. మొదటి లైను వినగానే చర్చి అంతా లేచి నిలబడింది. జనం తిరిగి అంటున్నారు, సగంలో ఉండగానే మాస్టారి గొంతు రెండో లైను ఎత్తుకుంది. పాట గజిబిజి అయిపోయింది. రత్నమ్మగారు నావైపు చూసి చెయ్యెత్తారు. ఆపేశాను.

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి లైను అవ్వగానే పాజ్ నొక్కి, జనం మీద చెవి పెట్టాను. చివరి బెంచీలో ఒక ముసలాయన సాగదీసి సాగదీసి ముగించాకే తర్వాతి లైను వదిలాను. పాటంతా అలాగే నడిచింది. పోయిన మనిషి పిలుస్తుంటే ఊరంతా పలుకుతోంది. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నాను గానీ, పాట అంటే అంత పెద్దదని ఆ పూటే తెలిసింది.

అయ్యాక రత్నమ్మగారు దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు. "ఆగింది ఆయనే అనుకుంటున్నారండీ మావాళ్లు. అనుకోనివ్వండి."

గొంతు యంత్రం ఇచ్చింది. ఆగడం మాత్రం మనిషే చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఏ రికార్డింగులో ఖాళీ కనిపించినా, అది ఎవరి వంతో అడగకుండా కత్తెర వెయ్యను.