మోటారు రంపం గొలుసు కోసం నౌపడ దాకా

పెళ్ళయిన కొత్తలో మీ ఆయన నిన్ను ఎక్కడికి తీసుకెళ్ళాడని ఎవరైనా అడిగితే నేను తల ఎత్తుకునే చెబుతాను: నౌపడ ఉప్పుమడుల దగ్గరికి, నడివేసవి ఎండలో, ఒక పాత రంపం గొలుసు వెతకడానికి. నవ్వితే నవ్వండి. ఆ గొలుసు దొరక్కపోయి ఉంటే మా కాపురం మా నాన్న ఇంటి మేడ మీదికి మారిపోయేది. ఇది అరవై ఎనిమిదిలోనో, అరవై తొమ్మిదిలోనో జరిగింది. సంవత్సరం సరిగ్గా గుర్తులేదు గానీ మా పెళ్ళయ్యాక వచ్చిన రెండో వేసవి అని మాత్రం గట్టిగా చెప్పగలను. పాత యంత్రాలు బాగుచేసే పిచ్చి ఉండి, వాటి భాగాల కోసం శ్రీకాకుళం వైపు వెళ్దామనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

విజయనగరంలో మా నాన్నకి కలప అడితి ఉండేది. యుద్ధం అయిపోయాక మిలిటరీ సామాన్లు వేలం వేస్తుంటే విశాఖపట్నం వెళ్ళి రెండు మోటారు రంపాలు కొనుక్కొచ్చాడు. ఒక్కొక్కటీ మనిషంత పొడవు. ఒక చివర పెట్రోలు ఇంజను, అక్కణ్ణుంచి పొడుగాటి ఇనపబద్ద, దాని చుట్టూ పళ్ళున్న గొలుసు, రెండో చివర ఇంకో మనిషి పట్టుకోవడానికి పిడి. ఒకదాన్ని నౌపడలో వంటచెరుకు వ్యాపారం చేసే ఒకాయనకి అమ్మేశాడు. రెండోది నాలుగు రోజులు కోసి మూలపడింది. దాని మీద కోళ్ళు గుడ్లు పెట్టేవి. మా ఆయన కంటపడేవరకూ దానికి దిక్కులేదు.

మా ఆయన లారీ మెకానిక్కు. రైలుగేటు అవతల రేకుల షెడ్డు, పక్కనే మేం ఉండే ఒంటిగది. మాటలు తక్కువ మనిషి. ఆ లోటు నేను తీరుస్తుంటాను. మా నాన్నకి నేనొక్కదాన్నే కూతుర్ని కాబట్టి అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకోవాలని మొదటినుంచీ ఆశ. ఒకరోజు మా ఆయన ఆ రంపం అడిగేసరికి మా నాన్నకి దారి దొరికింది. అడితిలో కూలీలందరి ముందూ అనేశాడు. "అల్లుడుగారూ, అట్టుకెల్లండి. తొలకరి పడీలోగా దాన్తోటి నా మద్దిదుంగ కోసి సూపించినారా, ఇంక ఇల్లరికం మాటెత్తను. నేకపోతే ఆ షెడ్డు మూసీసి మా మేడ మీదికొచ్చీండి. రెండు గదులున్నాయి. అడితి లెక్కలు సూసుకుందురు గాని."

మా ఆయన నోరు విప్పేలోగా నేనే అన్నాను. "మాట మీద ఉండు నాన్నా!"

అన్నాక ఇంటికొచ్చి భయపడ్డాను, అది వేరే సంగతి. మా ఆయన మాత్రం ఇంజను విప్పి కూర్చున్నాడు. బిగుసుకుపోయిన పిస్టన్‌ని కిరసనాయిల్లో నానబెట్టి, చెక్కసుత్తితో తట్టితట్టి కదిలించాడు. రింగులు ఏదో పాత మోటారు సైకిలువి తెచ్చి, అరగదీసి కూర్చోబెట్టాడు. మంట పుట్టించే మాగ్నెటోలో తీగ కాలిపోతే ఫ్యాన్లు బాగుచేసేవాడి చేత మళ్ళీ చుట్టించాడు. ఒక సాయంత్రం తాడు చుట్టి లాగితే అది దగ్గి, తుమ్మి, ఒక్కసారిగా అరిచింది. వీధిలో జట్కాగుర్రం బెదిరిపోయింది. నేను మాత్రం అంత సంతోషం మా పెళ్ళిలో కూడా పడలేదు.

ఇంజనైతే అరిచింది గానీ కోతకి గొలుసేదీ? ఉన్న గొలుసు తుప్పుకి ముక్కలైపోయింది. కమ్మరి చేత కొత్తది కొట్టిస్తే తిప్పిన మొదటి నిమిషంలోనే తెగి, మా ఆయన చెవి పక్కనుంచి ఎగిరి రేకుల్లోకి దూరింది. అవతలి పిడి పట్టుకున్న కోతకూలీ ఆ రోజు పారిపోయినవాడు మళ్ళీ రాలేదు. దాన్ని దెయ్యం రంపమని ఊరంతా చెప్పాడు. ఇక మిగిలింది ఒకటే ఆశ, నౌపడకి అమ్మిన దాని జోడు రంపం. పాత గొలుసులో నాలుగు పళ్ళున్న ముక్కని చేతిరుమాల్లో మూటగట్టుకుని మర్నాడే బయల్దేరాం.

విజయనగరంలో తెల్లవారుజామున పాసింజరు ఎక్కాం. మూడో తరగతి టిక్కెట్టు నౌపడకి మనిషికి మూడు రూపాయల లోపే. చీపురుపల్లి, పొందూరు దాటి ఎనిమిది గంటల వేళకి ఆమదాలవలసలో దిగాం. దారిలో అక్కడి పాత ఇనుం కొట్లు కూడా చూసుకుంటే మంచిదని మా ఆయన ఆలోచన. తర్వాతి బండి పదకొండు దాటాక గానీ లేదు కాబట్టి స్టేషను బయట ఇడ్లీలు తిని తీరిగ్గానే తిరిగాం. ధాన్యం బస్తాల బళ్ళ మధ్య ఒక కొట్టాయన మా ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి బాబూ ఇది, మొసలి పళ్ళేటి?"

"రంపం గొలుసండీ. దీని జోడు నౌపడలో ఉందట" అన్నాను.

"నౌపడా? అక్కడ ఉప్పుగాలికి ఇనుం బతుకుతాదేటి? రెండు వానలకి పొడైపోద్ది. బండికర్సులు దండగ. ఇంటికెల్లిపోండి."

ఆయన చెప్పింది అబద్ధం కాదని మా ఆయన మొహం చూస్తేనే తెలిసింది. అయినా ఆ కొట్లోనే మా ఇంజనుకి సరిపోయే ప్లగ్గు ఒకటి ఏరి, రూపాయిన్నరకి బేరమాడి జేబులో వేసుకున్నాడు. నాకు కోపమొచ్చింది. గొలుసే దొరకనప్పుడు ప్లగ్గెందుకని దెబ్బలాడాను. "దొరుకుద్దే" అన్నాడు, అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని పదకొండున్నర బండి ఎక్కాను.

తిలారు, కోటబొమ్మాళి దాటుతుంటే కట్టుకొచ్చిన చద్దన్నం, ఆవకాయ విప్పాం. నౌపడలో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. పక్క లైనులో పర్లాకిమిడి వెళ్ళే చిన్నరైలు పొగ వదులుతూ నిలబడి ఉంది. (ఇప్పుడది పెద్దలైను అయిపోయింది. వేళలు కూడా మారాయి, కనుక్కుని వెళ్ళండి.) స్టేషను బయట ఒక ఎడ్లబండాయన అర్ధరూపాయికి వంటచెరుకు వ్యాపారి ఇంటికి తీసుకెళ్తానన్నాడు. సగం దూరం వెళ్ళాక గానీ అసలు సంగతి చెప్పలేదు.

"ఆ పెద్దాయన పోయి శానా కాలమైనాది. రంపం ఇంజను పడవలోల్లు అట్టుకెల్లిపోనారు. మిగిల్నది ఏటైనాదో ఎవుడికెరిక?"

"మరి ముందే చెప్పొచ్చు కదయ్యా!"

"ముందే సెప్తే బండెక్కుతారేటమ్మా?" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఇల్లు తాళం వేసి ఉంది. దొడ్డి ఖాళీ. ఎటు చూసినా ఉప్పుమడులు, తెల్లటి ఉప్పు కుప్పలు, కళ్ళు తెరవలేని వెలుగు. నాకు మా నాన్న మేడ మెట్లు కనిపించాయి. నా వంట మా అమ్మ రుచి చూసి ఉప్పు తక్కువనడం వినిపించింది.

దాహంతో నాలుక పిడచకట్టుకుపోయింది. ఆ వీధి చివర ఒక ముసలావిడ ఇంటి ముందున్న ఒంటి కొబ్బరిచెట్టు నీడలో బొండాలు అమ్ముతోంది. పేరు నీలమ్మ. చెరొకటి కొట్టించుకున్నాం. మా ఆయన తల వెనక్కి వాల్చి బొండం ఎత్తాడు. ఎత్తినవాడు తాగలేదు. నీళ్ళు చొక్కా మీద కారిపోతున్నాయి. అతని చూపు వెంట నేనూ చూశాను. కొబ్బరిచెట్టుకి నిలువెత్తున్నర ఎత్తులో, మొలతాడు చుట్టినట్టు మూడు చుట్లు, మా గొలుసు.

"అది ఎందుకు కట్టావు మామ్మా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"దొంగెదవల కోసమే. సెట్టెక్కితే కడుపు సీరుకుపోద్ది. పైగా వారం వారం నిచ్చెనేసి ఆవుదం రాత్తాను, జారిపోతారు. అది కట్టినకాడినుంచి నా కాయి ముట్టుకున్నోడు ఒక్కడూ నేడు ఈ ఊర్లో!" అంది నీలమ్మ. ఆ చెప్పడంలో ఎంత గర్వమో!

మా ఆయన నిచ్చెన అడిగి ఎక్కాడు. రుమాల్లోని ముక్కని గొలుసు పక్కన పెట్టి చూశాడు. వేలితో ఆముదం తుడిచాడు. లోపల ఇనుము నల్లగా మెరిసింది. ఊరంతటి ఇనుమూ ఉప్పుగాలికి పొడైపోతున్న చోట, దొంగలు జారాలని రాసిన ఆముదం ఈ ఒక్క గొలుసునీ కాపాడింది. కిందికి చూసి నాకేసి తలూపాడు.

నీలమ్మ ఇవ్వనంటే ఇవ్వనంది. పాతిక రూపాయలన్నాం, యాభై అన్నాం. ముళ్ళతీగ తెచ్చి కడతామన్నాం. "నీ ముల్లతీగ మల్లీ ఏసంగికి ఉంటాదేటి? డబ్బులిస్తావు, అయ్యి తినీసినాక నా కాయిలు దొంగలు తినెత్తారు. ఎల్లండెల్లండి" అంది. అప్పటికి నా ఓపిక అయిపోయింది. మా నాన్న పెట్టిన పందెం, ఇల్లరికం, మేడ మీది రెండు గదులు, అన్నీ ఆ ఎండలో నిలబడి గబగబా చెప్పేశాను.

ఆవిడ విడ్డూరంగా చూసింది. "ఒలే గుంటా, అయ్యింట సుకంగా తిని కూకోక నీకేటే నొప్పి?"

"నా పొయ్యి నాకుండాలి మామ్మా. ఒంటిగదైనా సరే, నాది నాకుండాలి."

"మరి నా సెట్టు నాకుండొద్దేటి?"

ఆవిడన్నదీ నేనన్నదీ ఒకటే కదా! అప్పుడు మా ఆయన నిచ్చెన దిగి వచ్చి, జీవితంలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. "మామ్మా, ఊరికే కట్టిన గొలుసుకే దొంగలు ఇంత భయపడ్డారు. ఇది తిరిగేటప్పుడు దాని అరుపు వింటే?" అని, నడివీధిలో నిలబడి, బుగ్గలు పొంగించి రంపం కూత కూశాడు. మొదట దగ్గు, తర్వాత తుమ్ము, ఆ పైన గుండెలదిరే డుర్రు. కోళ్ళు చెదిరిపోయాయి. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు. బండాయన ఎద్దులు పలుపు తెంచుకోబోయాయి. ఎవరూ తెలియని ఊళ్ళో సిగ్గు విడిచి కూస్తున్న ఆ మొగుణ్ణి చూస్తుంటే నవ్వొచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి. నాకోసం కాక ఇంకెవరి కోసం?

నీలమ్మ నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడింది. "ఓలమ్మో, ఇదేటి గొంతురా బాబూ! సరే, అట్టుకెల్లు. ఈ నెల్లోగా ఆ దెయ్యాన్ని తెచ్చి నా సెట్టు కింద ఊరందరూ ఇనీలాగ అరిపించాల. నేకపోతే మీ అడితి గుమ్మంకాడికొచ్చి కూకుంటాను." డబ్బు మాత్రం ముట్టుకోలేదు. సాయంత్రం బండిలో ఆ ఆముదపు గొలుసుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు కట్టుకెళ్ళిన నా పెళ్ళి పట్టుచీరకి ఆ మరక ఈనాటికీ పోలేదు, పోవాలని నేను ఉతకనూ లేదు.

ఏళ్ళ తరబడి జిగురుకట్టిన ఆముదాన్ని బట్టలసోడా వేసి మరిగించి, కిరసనాయిలుతో కడిగి వదలగొట్టాం. వదులైన మేకులు మార్చి, ఒక్కొక్క పన్నూ ఆకురాయితో పదును పెట్టాడు. ఆమదాలవలస ప్లగ్గు చక్కగా పట్టింది. అడితికి తీసుకెళ్ళాం. మద్దిదుంగ సిద్ధంగా ఉంది, కూలీలంతా ఉన్నారు, మా నాన్న కుర్చీ వేసుకుని ఉన్నాడు. తీరా చూస్తే అవతలి పిడి పట్టుకునేవాడు లేడు. గొలుసు తెగిన కథ విన్నవాడెవడూ ముందుకు రాడు. "ఒక్కడితో కోసే రంపం కాదు గదా అల్లుడుగారూ" అన్నాడు మా నాన్న. అందులో వెక్కిరింత లేదు గానీ ఆశ ఉంది.

నేను కొంగు నడుముకి చుట్టి దోపుకుని వెళ్ళి పిడి పట్టుకున్నాను. "ఒసే పైడీ, సేతులు పోతాయే!" అని మా నాన్న లేచి నిలబడ్డాడు. నాకు వినిపించలేదు, ఎందుకంటే అప్పటికే తాడు లాగేశాడు మా ఆయన. పళ్ళు మద్దిలోకి దిగుతుంటే మోచేతుల దాకా తిమ్మిరెక్కింది. ఎర్రటి పొట్టు నా కాళ్ళ మీద కుప్పపడింది. ఇద్దరు కూలీలు పూటంతా కోసే దుంగ ఒక బీడీ కాల్చేలోగా రెండై పడింది.

మా నాన్న వచ్చి కోసిన చోట అరచేత్తో రాసి చూశాడు. తర్వాత మా ఆయన వైపు కాదు, నా వైపు తిరిగాడు. "రేపు పాలకొండ దుంగలొస్తన్నాయి. కోతకూలి ఏటిమ్మంటావు, మేస్త్రీ?"

మేడ మీది గదులు ఆ ఏడే బియ్యం వ్యాపారికి అద్దెకిచ్చాడు. నెల తిరగకుండా రంపాన్ని రైలెక్కించి నౌపడ వెళ్ళాం, మా నాన్న కూడా వచ్చాడు. నీలమ్మ మమ్మల్ని చూడగానే అందుకుంది. "గొలుసు తీసిన వారానికే నా గెల పోయినాదే గుంటా!" నేనూ మా ఆయనా చెరో పిడీ పట్టుకుని, ఊరు ఊరంతా చుట్టూ నిలబడగా, పడి ఉన్న తుమ్మమొద్దుని చెట్టు కింద కోసి పారేశాం. అంతా అయ్యాక చేతులు కడుక్కుని వచ్చేసరికి నీలమ్మ అరుగు మీద పోయిన గెలకి గెల కొబ్బరికాయలు ఉన్నాయి. ఎవరు పెట్టారో ఎవరూ చూడలేదట. ఆవిడ గర్వం ఇంక పట్టశక్యం కాలేదు.

ఆ తర్వాత తాజమహలూ చూశాను, కన్యాకుమారీ చూశాను. నా కాపురాన్ని నాకు తెచ్చిపెట్టిన ఊరు మాత్రం నౌపడ ఒక్కటే. ఆ రంపం ఇప్పటికీ మా షెడ్డులో ఉంది, తాడు లాగితే ఇప్పటికీ అరుస్తుంది, అవతలి పిడి నాదే. ఇక వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: పాత భాగం పేరు కాగితం మీద రాసుకుని పోకండి, విరిగిన ముక్కనే చేతిలో పట్టుకెళ్ళండి. పాత ఇనుం కొట్ల దగ్గరే ఆగిపోకుండా గుమ్మాలూ, గోడలూ, చెట్లూ చూడండి. మీకు కావలసింది ఎవరింట్లోనో ఇంకో పని చేస్తూ ఉంటుంది. దాన్ని అడిగేటప్పుడు, ఆ పని రేపటినుంచి ఎవరు చేస్తారో ముందే ఆలోచించుకుని అడగండి.