నీళ్లు తాగిన పసుపుపచ్చ కారు

మేస్త్రీ పోయారన్న కబురు నాకు ఫిల్మ్ నగర్‌లో ఒక కథా చర్చలో ఉండగా తెలిసింది. ఆదివారం పొద్దున. హీరో ఎంట్రీలో కారు ఫ్లైఓవర్ మీంచి దూకాలా, లారీలోంచి దూకాలా అన్నది ఆ పూట మేం తేల్చాల్సిన మహత్తర సమస్య. మేస్త్రీ అల్లుడు ఫోన్ చేసి, గుండెపోటు వచ్చిందనీ, ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందనీ చెప్పాడు. నేను ఆ మాట గదిలో అన్నాను. ఏ మేస్త్రీ, సెట్లు వేసే ఆయనా అని అడిగాడు నిర్మాత. కార్ల మేస్త్రీ అన్నాను. అయ్యో పాపం అని, ఒక గుక్క గ్రీన్ టీ తాగి, లారీలోంచే దూకిద్దామని తేల్చేశాడు. నేను లేచాను. సినిమాకి మాటలు రాస్తానో లేదో సాయంత్రంలోగా చెప్పమని నా వెనకే గుమ్మం దాకా వచ్చాడు.

ఆ నిర్మాతకు మేస్త్రీ తెలియకపోవడం అబద్ధం. జూబ్లీహిల్స్‌లో నేల నాకుతూ పోయే కార్లున్న వాళ్లలో ఆయన తెలియనివాడు లేడు. మా సినిమా వాళ్లకొక ఆచారం ఉంది. పాత స్పోర్ట్స్ కారు కొంటారు, కొత్తదని చెప్పుకుంటారు. జర్మనీ నుంచి ఓడలో వచ్చిందంటారు, ఆరు నెలలు ఎదురుచూశానంటారు. అది వచ్చింది రెండు వీధుల అవతల, గతేడాది ఫ్లాపయిన ఇంకో మహానుభావుడి సెల్లార్ నుంచి. కొనే ముందు మాత్రం బోరబండ నుంచి మేస్త్రీని పిలిపించి, వెనక గేటు లోంచి రప్పించి, బండి చూపించి, ఎవరితో అనకని చెప్పి పంపేవారు. ఆయన నిజంగానే ఎవరితోనూ అనలేదు. ఎవరి దర్జా ఎన్నో చేతిదో ఈ ఊళ్లో పూర్తిగా తెలిసిన మనిషి ఆయనొక్కరే, ఆ లెక్కంతా తనతోనే తీసుకుపోయారు.

బతికుండగా ఆయన్ని నేను నువ్వనే పిలిచాను. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఇప్పుడు రాసేటప్పుడు ఆయన, వచ్చారు, అన్నారు అని వస్తున్నాయి. పోయాక గౌరవం ఇవ్వడం మా పరిశ్రమలో బాగా అలవాటైన పని, నాకూ అబ్బింది.

నేనూ ఒకసారి ఆయన్ని వెనక గేటు నుంచి పిలిపించిన బాపతే. పదేళ్లు ఊరూ పేరూ లేకుండా ఇతరులకు మాటలు రాసి, చివరికి నా పేరు తెర మీద పడ్డ సినిమా ఒకటి బాగా ఆడింది. దాంతో నా బుర్ర పాడైంది. శ్రీనగర్ కాలనీలో మాకున్నది రెండు గదుల ఫ్లాటు, కింద ఒక చిన్న కారు. ఆ చిన్న కారులో దిగితే గూర్ఖా కూడా నమస్కారం పెట్టడని నాకొక బాధ. ఇదే నిర్మాత అప్పుడూ ఒక పెద్ద సినిమా రాయమని వెంటపడుతున్నాడు. కథ అరటితొక్కంత ఉంది, జారిపడటానికి తప్ప పనికిరాదు. ఇంకోపక్క నా దగ్గర సొంత కథ ఒకటి ఉంది. ఏడాదిపాటు ఎవరి దగ్గరా తల వంచకుండా కూర్చుని రాసుకోవడానికి సరిపడా దాచుకున్నాం నేనూ మా ఆవిడా. ఆ దాచుకున్నది పట్టుకుని నేను కారు చూడ్డానికి వెళ్లాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పసుపుపచ్చ కారు, రెండే తలుపులు. స్టార్ట్ చేస్తే పక్క వీధి కుక్కలు లేచాయి. అమ్మే బ్రోకరు తెల్లచొక్కా, అరమైలు దూరానికి వాసనొచ్చే అత్తరు. ఈ కారులో కూర్చునే ఫలానా హీరో ఫలానా కథ ఒప్పుకున్నాడనీ, అది వంద రోజులాడిందనీ చెప్పాడు. నంబరు కూడితే తొమ్మిది. ఊరందరికీ అబద్ధాలు రాసి అమ్ముకునేవాణ్ణి, బ్రోకరు నోట వచ్చిన ఒక్క డైలాగుకు పడిపోయాను. వాడి డైలాగు నావాటికంటే బాగుందనే చెప్పాలి.

మేస్త్రీ వచ్చి ముందు చెప్పులు విడిచారు. ఏ బండిలోకీ, చివరికి తుక్కు ఆటోలోకి కూడా, ఆయన చెప్పులతో ఎక్కేవారు కాదు. బండి అంటే భక్తి కాబోలనుకునేవాణ్ణి. అడిగితే, కాలికి తడి తెలుస్తుందని చెప్పారు. తర్వాత నన్ను నడపమని పక్క సీట్లో కూర్చున్నారు. చెక్‌పోస్టు దాకా వెళ్లి వచ్చేదాకా ఆయన చూసింది నన్నే, రోడ్డునూ మీటర్లనూ కాదు. ఇంజన్ చూడవా అంటే, "ముందుగాల కొనేటాయన్ని చూడాలె సార్. బండి యాడికి పోతది" అన్నారు.

ఆ తర్వాత సీటు బెల్టు పట్టుకుని చివరికంటా లాగారు. మామూలుగా ఎవరూ లాగనంత పొడవు. ఆ చివర, ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే జానెడు మేర, ఎండిన బురద చార. సీటు కింద బోల్టులకు తుప్పు. వానాకాలంలో సెల్లార్‌లో మునిగిన బండిని కడిగి, తుడిచి, పాలిష్ పెట్టి నిలబెట్టారు. బ్రోకరు నవ్వుతూ, అంతా సర్వీసింగ్ చేయించామండీ అన్నాడు. మేస్త్రీ నన్ను గేటు బయటికి తీసుకొచ్చారు.

"నీళ్లు తాగిన బండి సార్ ఇది. ఇయ్యాల మంచిగనే ఉరుకుతది. యాడ ఆగుతదో దానికే ఎరుకలేదు."

నాకు మండింది. బండి మీద కాదు, ఆయన మీద. నంబరు బాగుంది కదా అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశారు. పంక్చర్లు వేసుకునేవాడికి ఇలాంటి బండ్ల సంగతి ఏం తెలుస్తుందిలే అని, బ్రోకరుకు వినపడేలా అన్నాను. ఆ మాట అన్న నోటితోనే నేను మనుషుల గురించి కథలు రాస్తాను. ఆయనకు కోపం రాలేదు.

"ఎవలకు చూపెట్టనీకి సార్ ఇది?" అని అడిగారు. నిర్మాత పేరు చెప్పాను. ఆయన చిన్నగా నవ్వి, ఆ నిర్మాత బండి ఎన్నో చేతిదో తనకు ఎరుకేననీ, చెప్పనని మాటిచ్చాననీ అన్నారు. తర్వాత అన్న మాట నేను మర్చిపోలేను.

"గీ బండి ఇంటి ముందట నిలవెట్టుకుంటే, ఇగ మీరు ఎవ్వలకూ వద్దు అనలేరు సార్. దాన్ని సాకనీకే సరిపోతది మీ రాసుడంతా."

రెండు రోజులు ఇంట్లో అలిగి పడుకున్నాను. మా ఆవిడ ఒక్కసారే అడిగింది, ఆ కారులో మనం కూరగాయలకు వెళ్తామా అని. మూడోరోజు బ్రోకరుకు వద్దని చెప్పాను, నిర్మాతకూ వద్దని చెప్పాను. ఏడాది కూర్చుని నా కథ రాసుకున్నాను. సినిమా అయింది, ఓ మాదిరిగా ఆడింది, కానీ నాది. పెద్ద సినిమా వదులుకునే ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఇంటర్వ్యూల్లో అడిగితే, ఆత్మవిశ్వాసం అన్నాను. థూ.

ఆ పసుపుపచ్చ కారును ఇంకో దర్శకుడు కొన్నాడు. కొత్తదే అన్నాడు. ముహూర్తం రోజున నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి బయల్దేరితే, సరిగ్గా గుడి ముందు ఆగిపోయింది. మళ్లీ కదల్లేదు. నీళ్లు తాగిన బండి కదా, ఆగదా! మా వాళ్లు ఏమనుకున్నారో చెబితే నమ్మరు. అమ్మవారే ఆపిందని, కారుకు హారతి ఇప్పించారు. నలుగురు తోసుకుంటూ తీసుకెళ్తే దాన్నీ ఫోటో తీసి పంచారు. ఈ మాట మేస్త్రీకి చెబితే పడీ పడీ నవ్వుతారనుకున్నాను. వెళ్లి చెప్పలేదు. చెబితే, నువ్వే కరెక్టు అని ఒప్పుకోవాలి కదా.

ఆదివారం మధ్యాహ్నం బోరబండ వెళ్లాను. ఆయన ఇల్లు గుట్ట మీద, సందులో. రెండు ఫర్లాంగుల ముందే దిగి నడిచాను. కింద రోడ్డు మీద బారుగా ఆగి ఉన్న కార్లు చూసి ఒక్క క్షణం ఆశ్చర్యపోయాను, మా వాళ్లు వచ్చారే అని. ఎవరూ రాలేదు. వచ్చింది డ్రైవర్లు. ఆయన బంగళాల్లో కాఫీ ఎప్పుడూ తాగేవారు కాదు, బయట డ్రైవర్లతో నిలబడి టీ తాగేవారు. ఏ చప్పుడొస్తే బండి ఆపాలో, యజమాని తిడితే ఏం చెప్పుకోవాలో వాళ్లకు నేర్పింది ఆయనే. ఎయిర్‌పోర్టుకనీ, పెట్రోలుకనీ యజమానులకు చెప్పి బండ్లు తీసుకుని వచ్చేశారు.

ఆయన కాళ్లకు దండం పెట్టాను. పంక్చర్ల మాటకు క్షమాపణ కూడా అప్పుడే చెప్పాను, వినేవాళ్లు లేరు కనుక సులువుగానే వచ్చింది. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, మీ సినిమా టాకీసుకు పోయి చూసిండు సార్, ఎవ్వలనూ రమ్మనలే, ఒక్కడే పోయిండు అంది. నాకు ఏడుపొచ్చింది. అప్పుడే నిర్మాత ఫోన్. సినిమా రాస్తున్నావా లేదా అన్నాడు. పనిలో పని, రేపు ఒక బండి చూడాలి, ఆ మేస్త్రీ లాంటివాడు ఇంకెవడైనా ఉన్నాడా అని గొంతు తగ్గించి అడిగాడు. లేడన్నాను. సినిమా నాకు వద్దండీ అని కూడా చెప్పి పెట్టేశాను.

పాడె లేచింది. గుట్ట దిగేటప్పుడు తెల్ల యూనిఫాం వేసుకున్న డ్రైవర్లే భుజాలు మార్చుకుంటూ మోశారు. నేనూ కాసేపు పట్టాను. డప్పుల మధ్య వాళ్ల జేబుల్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఒకటి ఆగితే ఇంకొకటి. ఒక్కరూ తీయలేదు.