దుమ్ముగూడెం దగ్గర మాట్లాడే మట్టి గది

ఖమ్మం బస్టాండులో ఉదయం ఆరున్నరకు భద్రాచలం బస్సు ఎక్కాను. మా అక్క కూతురు సునీత రమ్మంది. ఆమె నర్సు. దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఒక ట్రస్టు కట్టించిన ఒంటి గది ఆరోగ్య గృహాన్ని చూసుకుంటుంది. సిమెంటు, ఇనుము వాడకుండా అక్కడి మట్టి, సున్నం, వెదురుతోనే కట్టారు. చుట్టుపక్కల గూడేల వాళ్లు వచ్చి బీపీ చూపించుకుంటారు, నొప్పులకు నూనె మర్దన చేయించుకుంటారు, నెమ్మదిగా ఊపిరి తీస్తూ కాసేపు కూర్చుంటారు. మొదట్లో బాగానే వచ్చారు. ఇప్పుడు దాదాపు ఎవరూ రావడం లేదు.

"మామా, ఆ గది మాట్లాడుతుందంటున్నరు," అంది ఫోన్లో. "జనం రాకుంటే వచ్చే నెలల ఎరువుల గోదాం చేస్తమంటున్నరు ట్రస్టోళ్లు. దాని నోరు మూయించే లెక్కేదన్న ఉంటే జల్దీ వచ్చి చెయ్యి."

నేను ఇంజనీరును కాను. పదో తరగతి అయ్యాక టైల్స్ దుకాణంలో చేరి, ఎంత గదికి ఎంత సరుకు పడుతుందో చూడగానే చెప్పడం సొంతంగా నేర్చుకున్నాను. మేస్త్రీలు నన్ను చాలా అడిగారు కానీ, గది మాటలు మాన్పించమని ఎవరూ అడగలేదు.

కొత్తగూడెంలో ఇడ్లీ తినేంత సేపు బస్సు ఆగుతుంది. ఎడమవైపు కిటికీ దొరికితే వదులుకోకండి. పది గంటలకు వంతెన ఎక్కినప్పుడు ఎగువ గోదావరి అంతా అటే కనిపిస్తుంది. వానలు తగ్గినా నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. భద్రాచలంలో భోజనం ముగించి దుమ్ముగూడెం బస్సెక్కాను. పక్క సీటాయన సత్తుపల్లి వైపు రైతు, ఇక్కడ మిర్చికి పొలం కౌలుకు తీసుకున్నాడు. నేను వెళ్లే చోటు చెబితే తల ఊపాడు.

"చల్లటి ఇల్లండీ అది. నడి వేసవిలో కూడా ఫ్యాన్ అక్కర్లేదు. కానీ నన్నొక్కణ్ణీ లోపల కూర్చోమంటే మాత్రం కూర్చోను."

దుమ్ముగూడెంలో ఆటో దొరికింది. సునీత చెప్పిందట, డ్రైవరుకు నా సంగతి ముందే తెలుసు.

"లెక్కల సారు మీరేనా? దయ్యాన్ని టేపు పెట్టి కొలుస్తరా ఏంది?"

"దొరికితే కొలుస్తాను."

"దొరికితే మమ్మల్నయితే పిలువకుండ్రి," అని నవ్వాడు. నవ్వుతూనే రోడ్డు మలుపులో దింపేసి, బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

టేకు చెట్ల మధ్య కాలిబాట. ఆకు కూడా కదలడం లేదు. చివర ఆ గది, బోర్లించిన పెద్ద కుండలా. నడుము ఎత్తు దాకా గోడ, అక్కడి నుంచి గుమ్మటం, నడినెత్తిన వెలుతురు పడే చిన్న రంధ్రం.

"తిన్నవా మామా?" అంటూ ఎదురొచ్చిన సునీత, నాకు నీళ్లు తేవడానికి తన క్వార్టరుకు వెళ్లింది. నేను లోపలికి వెళ్లి టేపు పరిచాను. గది అడ్డం పద్నాలుగు అడుగులు. నడిమధ్యన నేల మీద కూర్చుని, కొలిచింది పైకి చెప్పే అలవాటు కొద్దీ, "పద్నాలుగు" అన్నాను.

నాతో పాటే ఎడమ చెవి పక్కన ఎవరో "పద్నాలుగు" అన్నారు.

తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఊపిరి బిగబట్టాను. పక్కనున్నది కూడా బిగబట్టింది. వదిలాను. అదీ వదిలింది. ఆ గొంతు నాకంటే పెద్దవాడిది, అలసిపోయినవాడిది.

లేచి మళ్లీ కొలిచాక కారణం దొరికింది. కూర్చున్న మనిషి తల ఎక్కడుంటుందో గుమ్మటానికి కేంద్రం సరిగ్గా అక్కడే పడింది. అక్కడ పుట్టిన చప్పుడు అన్ని వైపులా తగిలి మళ్లీ ఆ తలకే చేరుతుంది. మన గొంతు మనకు ఎప్పుడూ లోపలి నుంచే తెలుసు కాబట్టి, బయటి నుంచి వచ్చేది పరాయిదిలా ఉంటుంది. లెక్క తేలింది. అయినా బయటికి వచ్చేదాకా ఇంకో అంకె పైకి చెప్పలేదు.

"గుమ్మటానికి లోపల బొంతలు వేలాడదీస్తే చాలు," అన్నాను సునీతతో. "చప్పుడును అవి తాగేస్తాయి."

ఆమె సంతోషపడలేదు. "కన్నమ్మక్కకు ఏం చెప్పాలె మరి?"

కన్నమ్మ పక్క గూడెం ఆమె. పోయిన వానాకాలం జ్వరంతో చెల్లెలు చనిపోయింది. దడి వెనక నుంచి పిలిస్తే అక్కో చెల్లో ఎవరూ పోల్చుకోలేనంత ఒక్క తీరు గొంతులట. అప్పటినుంచి కన్నమ్మకు తిండి లేదు, నిద్ర లేదు. ఈ గదిలోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాకే కాస్త మనిషైంది. అందరూ మానేసినా ఆమె రోజూ వస్తోంది. నడుమ కూర్చుని చెల్లెలితో మాట్లాడుకుని వెళ్తుంది.

మూడు గంటలకు వచ్చింది. సునీత చెప్పినదంతా విని నా వైపు తిరిగింది.

"అయితే మా చెల్లె నోరు కట్టేస్తవా అయ్యా?"

నేను గొంతు సంగతి, గుమ్మటం సంగతి చెప్పబోయాను.

"నా గొంతే అని నాకెర్క లేదా? నా చెల్లె గొంతు గూడ గదే," అంది. నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను. గది వైపు చూసి తనే అంది: "గోదామైతే తాళం ఏస్తరు. గప్పుడు నాకు గీ గది గూడ లేదు. కట్టుండ్రి."

గది కట్టేటప్పుడు మేస్త్రీలు నిలబడే పరంజా కోసం గుమ్మటంలో వదిలిన రంధ్రాల్లో వెదురు మేకులు దిగగొట్టాం. సునీత గూడెంలో అడిగి తెచ్చిన బొంతలు ఒక్కొక్కటే కన్నమ్మ అందించింది. వెలుతురు ఉండగానే పని ముగిసింది. నేను నడుమ కూర్చుని ఒక అంకె చెప్పాను. అది నా నోటి దగ్గరే ఆగిపోయింది.

తర్వాత కన్నమ్మ కూర్చుంది. చెల్లెలిని పేరు పెట్టి పిలిచింది. ఆగింది. సునీత నా చెయ్యి పట్టుకుంది. కన్నమ్మ కుడి పక్కకు తిరిగి చాలాసేపు చూసి, మెల్లగా నవ్వింది.

"ఇన్నొద్దులు నేను మాట్లాడుతుంటే అది గూడ మాట్లాడేది. ఒకరిది ఒకరికి ఇనపడకపోయేది. ఇయ్యాల ఊకున్నది సునీతమ్మా. ఇంటున్నది."

ఇక ఆ పక్కకే చూస్తూ పొలం మాటలు, మేకల మాటలు చెప్పుకుంటూ పోయింది. మేమిద్దరం చెప్పులు చేతబట్టుకుని బయటికి వచ్చేశాం.

ఆ రాత్రికి సునీత క్వార్టరులో ఉండిపోయాను. బొంతలు కట్టిన సంగతి అప్పటికే గూడేలకు పాకింది. తెల్లవారి ఎనిమిదింటికి ఆడవాళ్లు వచ్చారు, భయపడుతూనే. గోడకు ఆనుకుని వరసగా కూర్చుంటే పన్నెండు మంది పడతారని నా లెక్క. కన్నమ్మతో కలిపి పదకొండు మందికే గది నిండింది. పన్నెండో ఆమె గుమ్మం దగ్గర నుంచి లోపలికి చూసి, ఏమీ అడగకుండా అరుగు మీద కూర్చుంది.

తిరుగు ప్రయాణానికి పది గంటల ఆటో పట్టుకోండి, ఆ తర్వాతది ఎప్పుడొస్తుందో చెప్పలేం. భద్రాచలంలో బస్సు మారి సాయంత్రానికి ఖమ్మం చేరాను. ఇంత చల్లగా, ఇంత తక్కువ సరుకుతో నిలబడ్డ కట్టడాన్ని నేను ఎక్కడా చూడలేదు. ఇల్లు కట్టాలనుకునేవాళ్లు ఒకసారి వెళ్లి చూసి రావచ్చు. లోపల ఇప్పుడు ఏ గొంతూ వినిపించదు, ఆ మాట నేను ఇస్తాను. కాకపోతే కన్నమ్మ ఉన్నప్పుడు వెళ్తే, ఆమెకు కుడి పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చోండి. అక్కడ అందరూ అలాగే కూర్చుంటున్నారు.